హెడ్‌ఫోన్‌లో ఒక లఫ్జ్

కంప్యూటర్‌లో ఆవాజ్ బాగా లేదంటే మనవాళ్లు మొట్టమొదట హెడ్‌ఫోన్‌నే అనుమానిస్తారు. చవకది, అందుకే ఇలా మోగుతోంది అంటారు. వెయ్యి రూపాయలది పక్కన పడేసి ఐదువేలది తెస్తారు. నాలుగు రోజులు బాగానే అనిపిస్తుంది. తర్వాత మళ్లీ అదే షికాయత్: గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, వెనకాల గుయ్‌మంటోంది. ముజ్రిమ్ చాలాసార్లు చెవి మీద ఉండడు. డబ్బా లోపల ఉంటాడు. లేదంటే స్క్రీన్ మీద మనం ఎప్పుడూ తెరవని ఏదో ఒక సెట్టింగ్ వెనకాల దాక్కుని ఉంటాడు.

నాది వినే నౌకరీ. ఇంటర్వ్యూలు రికార్డు చేసుకోవడం, ఇంటికొచ్చి వెనక్కి తిప్పి తిప్పి విని రాసుకోవడం, ఇదే నా రోజీ. ఒక్క మాట తప్పు వింటే తెల్లారి అఖ్బార్‌లో ఒకరి ఇజ్జత్ పోతుంది. అందుకని ఈ హెడ్‌ఫోన్ సంగతి నాకు షౌఖ్ కాదు, జరూరత్. దోస్తులు చాలామంది అడుగుతుంటారు గానీ రాద్దామని కూర్చున్నది మాత్రం మా అబ్బా క్యాసెట్ వల్ల. దాని దగ్గరికి వస్తాను.

ముందు సౌండ్ కార్డు అంటే ఏమిటో రెండు ముక్కలు. 1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చినప్పుడు అది నిజంగానే అరచేతి కంటే పెద్ద కార్డు. కంప్యూటర్ విప్పి లోపల గుచ్చాలి. ఇప్పుడది మదర్‌బోర్డు మీద గోరంత చిప్. ఎక్కువ మెషీన్లలో రియల్‌టెక్ వాళ్లది ఉంటుంది. దాని పని తర్జుమా. ఫైల్‌లో ఉన్న అంకెల్ని కరెంటు అలలుగా మార్చడం. ఆ అలల్ని కొంచెం బలంగా చేసి హెడ్‌ఫోన్ తీగలోకి తోయడం రెండో పని. ఇప్పటి చిప్‌లు తర్జుమా బాగానే చేస్తాయి. చిక్కల్లా, పక్కనే కూర్చుని శోర్ చేసేవాళ్లతో. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, డిస్కు, అన్నీ ఆ డబ్బాలోనే కరెంటు తాగుతూ ఉంటాయి. వాటి గోల ఈ సన్నటి ఆవాజ్‌లోకి జొరబడుతుంది.

ఇక క్యాసెట్. మాది నిజామాబాద్ జిల్లా. మా అబ్బా మర్హూమ్ జెడ్డాలో పనిచేసిన రోజుల్లో ఫోన్ అంటే ఖరీదు, ఖత్ అంటే ఆలస్యం. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుకొచ్చే ఎవరి చేతికో ఇచ్చి పంపేవాళ్లు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఇది తెలుసు. సలాం, ఖైరియత్, ఎవరికి ఏం పంపిందీ, ఎవరి ఫీజు ఎంతయిందీ, చివర్లో పిల్లలకి చెరొక మాట. మా ఇంట్లో అలాంటివి ఏడు మిగిలాయి. కోఠీలో పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇచ్చారు. మంచి పనివాడు. ముందు టేప్ హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ తిప్పి దాని వంపు సరిచేశారు. హెడ్ ఏమాత్రం వంకరగా ఉన్నా సన్నటి ధ్వనులన్నీ అక్కడే పోతాయి, తర్వాత ఏ కంప్యూటరూ వాటిని తిరిగి తేలేదు.

మూడో క్యాసెట్‌లో, ఆఖర్న, అబ్బా గబగబా ఒక మాట చెప్పారు. తనతోపాటు గదిలో ఉండే కడప భాయ్ గురించి. అసలు పేరు అమ్మీకి తెలుసుగానీ మా ఇంట్లో ఆయన ఎప్పుడూ కడప భాయే. సాత్ సౌ రియాల్ అన్నది సాఫ్‌గా వినిపిస్తోంది. దానికి అటూ ఇటూ ఉన్న మాటలే తెలియడం లేదు. 'కడప భాయ్ సే సాత్ సౌ రియాల్ లేనా హై' అన్నారా? 'కడప భాయ్ కు సాత్ సౌ రియాల్ దేనా హై' అన్నారా?

మొదటిదైతే ఆయన మనకి ఇవ్వాలి. రెండోదైతే మనం ఆయనకి ఇవ్వాలి. ఒకటైతే మాఫ్ చేసి మర్చిపోవచ్చు, ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. రెండోదైతే అబ్బా మెడ మీద ఇంకా కర్జ్ ఉన్నట్టే. చనిపోయినవాళ్ల కర్జ్ ఎంత భారమో మన ఇళ్లలో వేరే చెప్పాలా. కడప భాయ్ కూడా ఇప్పుడు లేరు. ఆయన కొడుక్కి ఫోన్ చేస్తే, "మా అబ్బా ఇలాంటి హిసాబ్ ఎప్పుడూ చెప్పలేదు భాయ్" అన్నాడు. భాయిజాన్ విని 'సే లేనా' అన్నారు. ఆపా విని 'కు దేనా' అంది. అమ్మీకి కొంతకాలంగా వినికిడి తగ్గింది. "మీ అబ్బా గొంతే కదా అది" అని కళ్లు తుడుచుకుంది తప్ప ఇటో అటో చెప్పలేదు.

భాయిజాన్ విన్నది నా టేబుల్ మీది డెస్క్‌టాప్‌లో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ముక్కలు తెచ్చి కట్టించిన డబ్బా అది. ఆపా విన్నది తన ఫోన్‌లో. ఫైల్ ఒకటే, లఫ్జ్ రెండు. అక్కడే నాకు షక్ వచ్చింది.

నేను చేసిన మొదటి పని చాలా సాదా. ఫైల్ నడుస్తుండగా పాజ్ నొక్కి, వాల్యూం అలాగే ఉంచి, ఖామోషీని విన్నాను. పాజ్‌లో ఆగిపోయిన శోర్ క్యాసెట్‌ది. పాజ్‌లో కూడా మిగిలిన శోర్ కంప్యూటర్‌ది. మీరూ ఇవాళే చేసి చూడండి. నాకు 'స్స్' అనే టేప్ హిస్ ఆగిపోయింది గానీ, కింద ఒక గుయ్ మిగిలింది. మౌస్ కదిపితే దానిలో కిర్రుకిర్రుమని ఇంకోటి. అది అబ్బా గదిలోది కాదు, నా డబ్బాలోది.

డెస్క్‌టాప్ ముందువైపు ఉండే హెడ్‌ఫోన్ రంధ్రం చేతికి అందుతుంది కాబట్టి అందరం అక్కడే గుచ్చుతాం. కానీ ఆ రంధ్రం నుంచి మదర్‌బోర్డు దాకా ఒక సన్నటి తీగ డబ్బా కడుపులోంచి పాక్కుంటూ వెళ్తుంది. దారిలో ఉన్న గోలంతా ఏరుకుంటుంది. వెనకవైపు బోర్డుకే అతికి ఉండే ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చితే, కిర్రు పోయింది, గుయ్ సగం తగ్గింది. పైసా ఖర్చు లేదు. లాప్‌టాప్ వాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. గుయ్ పోయిందంటే అది ఛార్జర్ దారిన వస్తున్నదే.

మిగిలిన సగం కోసం యూఎస్‌బీలో గుచ్చే చిన్న డాక్ వాడాను. డాక్ అంటే ఆ తర్జుమా చిప్పే, కాకపోతే డబ్బా బయట, గోలకి దూరంగా కూర్చుంటుంది. సౌండ్ కార్డును ఇంటి బయట కాపురం పెట్టించడమన్నమాట. దీనికి వేలకు వేలు పోయనక్కర్లేదు. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్ల కోసం అమ్మే టైప్-సీ తోక ఉంటుంది చూడండి, అదే కంప్యూటర్‌కీ పనిచేస్తుంది. యాపిల్ వాళ్ల తోక చూడ్డానికి చీపురుపుల్లలా ఉంటుంది గానీ కొలిచి చూసినవాళ్లంతా దాన్ని మెచ్చుకుంటారు. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ బ్రాండ్ పేరూ లేకుండా దొరికేవి కూడా ఉన్నాయి. కొన్ని బాగుంటాయి, కొన్నిట్లో కొత్త శోర్ వస్తుంది. దుకాణంలోనే పాజ్ పరీక్ష చేసి తీసుకోండి.

ఒక్క మాట హెడ్‌ఫోన్ గురించి కూడా. డబ్బా మీద ఓమ్ అని ఒక అంకె ఉంటుంది. మామూలు ఇయర్‌ఫోన్లు 16, 32. స్టూడియోలో వాడే కొన్ని 250, 300 దాకా పోతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది కదా, అది 300. అలాంటివాటిని మామూలు కంప్యూటర్ రంధ్రంలో గుచ్చితే పీలగా మోగుతాయి, తోసే బలం చాలదు. దాని తప్పు కాదు, మీ కంప్యూటర్ తప్పూ కాదు. జోడీ కుదరలేదంతే. చిన్న ఇయర్‌ఫోన్లకి ఉల్టా కష్టం. వాటికి ఇసుమంత కరెంటు చాలు కాబట్టి కార్డులోని సన్నటి హిస్ కూడా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ ఓమ్‌లు, అది గుచ్చే చోటి ఓమ్‌లకి కనీసం 8 రెట్లు ఉండాలని ఉస్తాదులు చెబుతారు. లేకపోతే కొన్ని హెడ్‌ఫోన్ల మిజాజ్ మారిపోతుంది, బొంగురుదనం అనవసరంగా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు ముజ్రిమ్. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, అక్కడ మీ హెడ్‌ఫోన్ పేరు నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది. ఎన్‌హాన్స్ అంటే మెరుగుపరచడం అని అర్థం. నేనైతే దాన్ని మిలావట్ అంటాను. బేస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, వీటిలో కొన్ని మనం అడగకుండానే ఆన్ అయి ఉంటాయి. కొన్ని లాప్‌టాప్‌లలో కంపెనీవాళ్ల సొంత ప్రోగ్రాం ఇంకోటి కూర్చుని ఉంటుంది, దాన్ని వేరే తెరిచి ఆపాలి.

నా డెస్క్‌టాప్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్ అయి ఉంది. అది ఏం చేస్తుందంటే, గట్టిగా ఉన్నదాన్ని తగ్గించి మెల్లగా ఉన్నదాన్ని పెంచుతుంది. రాత్రిపూట సినిమా చూసేటప్పుడు అది నిజంగా మెహర్బానీయే, పక్క గదిలో పిల్లలు లేవరు. కానీ పాత క్యాసెట్‌లో మెల్లగా ఉన్నదేమిటి? మాటకీ మాటకీ మధ్య ఉన్న హిస్. అది లేచి కూర్చుంటుంది. ఇప్పుడు 'దేనా'లో 'ద' ఎలా పలుకుతామో నాలుకతో గమనించండి. నాలుక పళ్లకి తగిలి ఆవాజ్‌ని ఒక క్షణం అడ్డుకుని వదులుతుంది. 'లేనా'లో 'ల'కి నాలుక తగిలినా ఆవాజ్ పక్కల నుంచి పారుతూనే ఉంటుంది. ఆ క్షణం అడ్డే 'ద'కి ప్రాణం. ఆ ఖాళీలో హిస్ నింపేస్తే 'ద' కాస్తా 'ల'లా వినపడుతుంది. 'కు'కి ముందున్న చిన్న ఖామోషీలోకి కూడా ఆ హిస్సే వచ్చి 'స'లా కూర్చుంటుంది. 'స' అనే ధ్వనే హిస్ లాంటిది. దాని బలమంతా 4000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది, టేప్ హిస్ బాగా తెలిసేదీ అక్కడే.

అంటే 'కు దేనా' అన్నమాట నా కంప్యూటర్‌లో 'సే లేనా' అయ్యే అవకాశం పూర్తిగా ఉంది. భాయిజాన్ చెవుల్లో ఏ దోషమూ లేదు.

మరి శోర్ తీసేసే సాఫ్ట్‌వేర్ పెడితే పోలా అని మా అబ్బాయి అడిగాడు. పెట్టి చూపించాడు కూడా. గొంతు తళతళలాడింది. నేను ఒప్పుకోలేదు. హిస్‌ని తీసే ప్రోగ్రాం 'స'ని కూడా హిస్ అనుకుని మింగేయవచ్చు. అప్పుడు 'స' వినపడలేదంటే అబ్బా అనలేదనా, ప్రోగ్రాం మింగిందనా? పాటలు వినడానికి అది సరే, గవాహీకి పనికిరాదు.

అందుకని అన్నీ ఆపేశాను. ఎన్‌హాన్స్‌మెంట్స్ బంద్, ఈక్వలైజర్ బంద్. ప్లేయర్‌లో వాల్యూం నిండా, తగ్గించేది ఒక్కచోట మాత్రమే. ఒకచోట బాగా తగ్గించి ఇంకోచోట లాగి పెంచితే మధ్యలో ఉన్న శోర్ కూడా దాంతోపాటు పెరుగుతుంది.

ఆ పక్కనే ఫార్మాట్ అని ఒక జాగా ఉంటుంది. 16 బిట్, 24 బిట్, 44100, 48000, 192000. అక్కడ పెద్ద అంకె పెడితే ఆవాజ్ పెద్దదవుతుందని దుకాణాల్లో చెప్పేది నేను నమ్మను. మనిషి చెవి వినేదే సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు. సీడీ కోసం పెట్టుకున్న 44.1 కిలోహెర్ట్జ్ దానికి చాలు. నా వయసువాళ్లకి 20 దాకా కూడా వినపడదు. ఫైల్ ఎంతలో ఉందో అంతే పెడితే విండోస్ మధ్యలో ఇంకో లెక్క వేయకుండా ఉంటుంది, అంతవరకే దాని ఫాయిదా.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి తీసుకోలేదు. పాటలకి బాగుంటాయి. కానీ వాటి మైకు ఆన్ అయిందంటే చాలా కంప్యూటర్లలో ఆవాజ్ ఒక్కసారిగా పాత టెలిఫోన్‌లా అయిపోతుంది. మీటింగ్ మొదలవగానే పాట పాడైపోయిందని అనేవాళ్ల గొడవ అదే. పాడైంది పాట కాదు, మైకు కోసం బ్లూటూత్ ఇరుకు దారిలోకి మారింది. సౌండ్ సెట్టింగ్‌లో ఇన్‌పుట్‌ని కంప్యూటర్ సొంత మైకుకి మార్చితే చాలాసార్లు తిరిగి వస్తుంది.

రాత్రి పదకొండు దాటాక ఫ్యాన్ ఆపి, చెవుల్ని పూర్తిగా కప్పే తీగ హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ తలఫ్ఫుజ్ విషయంలో మహా కఠినం. 'సీన్'ని 'షీన్' అంటే బెంచీ ఎక్కించేవారు. ఏ హర్ఫ్ నోట్లో ఎక్కణ్నుంచి పుడుతుందో వేలితో చూపించేవారు. ఆ రాత్రి పనికొచ్చింది నా తెలుగు డిగ్రీ కాదు, ఆ బెంచీ.

ఒక్క చోటే విని ఫైసలా చేయలేదు. అదే క్యాసెట్‌లో అబ్బా 'సే' అన్న చోట్లన్నీ వెతికాను. 'ఘర్ సే ఖత్ ఆయా' అన్నారు ఒకచోట. అక్కడ 'సీన్' హిస్ పైకి తేలి, పదునుగా, స్పష్టంగా ఉంది. కడప భాయ్ దగ్గర అది లేదు. చిన్న ఖాళీ, గొంతు వెనకాల నుంచి 'కాఫ్' తట్టు, తర్వాత 'ఉ'. చివర్న 'దేనా'. ఇంకో చోట 'లేనా' అన్నదాన్ని పక్కన పెట్టి పోల్చాను. యకీన్ కుదిరింది.

పొద్దున భాయిజాన్‌ని పిలిచి, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ ఇచ్చాను. రెండోసారికే తీసి టేబుల్ మీద పెట్టి, "దేనా" అన్నారు.

తర్వాత అమ్మీ. తలమీది దుపట్టా మీదుగానే హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బట్ట మధ్యలో ఉంటే మెత్త చెవికి సరిగ్గా అతకదు. బేస్ పక్కల నుంచి జారిపోతుంది, సన్నటి ధ్వనులు బట్టలో ఇంకిపోతాయి. కళ్లజోడు కాడలతోనూ ఇదే గొడవ. ఆపా దుపట్టాని చెవుల వెనక్కి సర్దింది. అమ్మీ "ఔర్ జోర్ సే" అంది. వయసు మీదపడ్డాక మొదట పోయేవి సన్నటి ధ్వనులే. అందుకని మొత్తం వాల్యూం పెంచకుండా, ఈక్వలైజర్ మళ్లీ తెరిచి 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య మాత్రమే కొద్దిగా ఎత్తాను. గవాహీ అయిపోయింది కదా, ఇప్పుడు మిలావట్ హలాలే. అమ్మీ ముఖం మారింది. ఇదివరకు గొంతు వినేది, ఇప్పుడు మాటలు వింటోంది.

మా అబ్బాయికి అక్కడే ఇంకో సంగతి చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలకైతే 75 దగ్గరే ఆగాలి. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగానికి పడిపోతాయి. శోర్ లేని కార్డు, బాగా అతికే హెడ్‌ఫోన్ ఉంటే తక్కువ వాల్యూంలోనే అంతా వినిపిస్తుంది. గేమ్ ఆడేటప్పుడు వాడు ఎంతలో పెడతాడో నాకు తెలుసు. తల ఊపాడు. చూద్దాం.

700 రియాళ్లని ఇవాళ్టి రేటుకి లెక్కకట్టి భాయిజాన్, నేను కడప వెళ్లాం. కడప భాయ్ కొడుకు తీసుకోనన్నాడు. ఖాలా లోపలినుంచి వచ్చి, ఇచ్చేవాళ్ల భారం తీరాలి కదా బేటా అని తీసుకున్నారు. చాయ్ తాగి వచ్చేశాం. మర్నాడు ఖాలాయే ఫోన్ చేశారు. డబ్బు గురించి కాదు. "ఆ క్యాసెట్‌లో మా వాళ్ల గొంతు ఏమైనా ఉందా?" అన్నారు. ఆయన క్యాసెట్లు వాళ్లింట్లో ఒక్కటీ మిగల్లేదట.

మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఈసారి అబ్బాని కాదు, అబ్బా వెనకాల గదిని విన్నాను. రెండో పక్క, మధ్యలో, దూరంగా ఒక గొంతు: 'భాయ్, చాయ్ ఠండీ హోరీ.' దగ్గు, నవ్వు. అబ్బా మైకుకి దూరంగా తిరిగి 'ఆతౌం' అన్నారు. మొత్తం ఆరు సెకన్లు. మా అబ్బాయి శోర్ తీసేసి చూపించిన ఫైల్ మళ్లీ తెరిచాను. ఆ ప్రోగ్రాంకి ఈ గొంతు కూడా శోరే. అందులో చాయ్ లేదు, దగ్గు లేదు.

ఆ ఆరు సెకన్లకి అటూ ఇటూ కొంచెం కలిపి కత్తిరించి వాట్సప్‌లో పంపాను. వాయిస్ మెసేజ్‌లా కాదు, డాక్యుమెంట్‌గా. అలా పంపితే ఫైల్‌ని నలపకుండా ఉన్నదున్నట్టు చేరవేస్తుంది. కొడుక్కి విడిగా ఫోన్ చేసి చెప్పాను: "ఫోన్ స్పీకర్‌లో వినిపించకు బేటా. తీగ ఉన్న హెడ్‌ఫోన్ ఏదైనా తెచ్చి పెట్టు. ఖాలా దుపట్టా చెవుల వెనక్కి సర్దు. ఫ్యాన్ ఆపు. మొదటి నాలుగు సెకన్లు మా అబ్బాయే మాట్లాడతారు, ఆ తర్వాత వినమను."